చిన్న గుర్రాల వ్యాపారానికి ఫొటోలు, వీడియోలు, వెబ్‌సైటు: ఇంట్లోవాళ్ళే చేసుకునే పద్ధతి

గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు కొనడానికి వస్తే మొదట కాస్త దూరంగా నిలబడతారు. పక్కనుంచి ఒడ్డూ పొడుగూ చూస్తారు. ఎదురుగా వచ్చి ముందుకాళ్ళు, వెనక్కి వెళ్ళి వెనకకాళ్ళు తిన్నగా ఉన్నాయో లేదో చూస్తారు. వంగి గిట్టలు చూస్తారు. ఆ తర్వాతే "కాస్త నడిపించండి" అంటారు. అది నడుస్తుంటే కళ్ళతో పాటు చెవులు కూడా పనిచేస్తాయి, అడుగుల చప్పుడు సమంగా పడుతోందా అని.

ఫోన్లో మీ గుర్రాన్ని చూసే మనిషి ఇవేవీ చేయలేడు. అతని బదులు మీ పేజీయే గుర్రం చుట్టూ తిరిగి చూపించాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ ఫొటో కావాలి, ఏది అక్కర్లేదు, పేజీలో ఏం రాయాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. నేను చూసిన చిన్న లాయాల వెబ్‌సైట్లలో చాలావాటిది ఎదురు వరస. మొదటి పేజీ నిండా పొద్దుగూకే వేళ పరిగెత్తే గుర్రం నీడ ఉంటుంది. లోపల అమ్మకానికి పెట్టిన గుర్రానికి మాత్రం లాయం చీకట్లో తీసిన మొహం ఫొటో ఒక్కటే.

ఐదారు గుర్రాల నుంచి ఇరవై దాకా ఉండి, అమ్మకాలో, సవారీ పాఠాలో, వేరేవాళ్ళ గుర్రాలను ఉంచుకుని చూసుకోవడమో చేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మంచి ఫోన్ ఒకటి, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు. ఫొటోల గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే సైటు కట్టడం రెండు రోజుల పని. గుర్రాన్ని సరిగా నిలబెట్టడమే అసలు పని.

1. ఎవరికి చూపించాలో తేల్చుకోండి

పాఠాలు నేర్పే చోటుకు, గుర్రాలు అమ్మే చోటుకు ఒకే రకం ఫొటోలు పనికిరావు. పిల్లను సవారీకి పంపాలనుకునే తల్లి గుర్రం కాళ్ళ తీరు చూడదు. తన పిల్ల వయసు పిల్ల ఒకతె హెల్మెట్ పెట్టుకుని, మడమ ఉన్న బూట్లు వేసుకుని, పక్కన పెద్దవాళ్ళు ఉండగా గుర్రం మీద కూర్చుందా అని చూస్తుంది. హెల్మెట్ లేని పిల్లవాడి ఫొటో ఎంత ముచ్చటగా ఉన్నా సైటులో పెట్టకండి. గుర్రాన్ని మీ దగ్గర ఉంచాలనుకునే యజమాని నేల, గాలి, నీళ్ళ తొట్టి, కంచె చూస్తాడు. ఫొటో మూలన ముళ్ళతీగ కంచె కనిపించిందంటే తెలిసినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. కొనేవాడు గుర్రాన్నే చూస్తాడు.

మూడు పనులూ చేసేవాళ్ళు మూడింటికీ వేరువేరు పేజీలు పెట్టుకోవాలి. ఏ పేజీలో ఏముండాలో తెలియకపోతే ఈ మధ్య ఫోన్ చేసినవాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకు జవాబు పేజీలో అన్నిటికన్నా పైన ఉండాలి.

2. చోటు చూసుకోండి, గుర్రాన్ని తయారు చేయండి

చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. గడ్డి ఎత్తుగా ఉంటే గిట్టలు కనిపించవు, కొనేవాడికి "ఏదో దాస్తున్నారు" అన్న అనుమానం వస్తుంది. నేల వాలుగా ఉంటే మంచి గుర్రం కూడా ముందుకు ఒరిగినట్టు కనిపిస్తుంది. వెనకాల సాదా గోడో, చెట్ల వరసో, ఖాళీ మైదానమో ఉండాలి. ట్రాక్టరు, బట్టలు ఆరేసిన తీగ, ఎరువు కుప్ప కనిపించకూడదు. కరెంటు స్తంభం సరిగ్గా వీపు మీద మొలిచినట్టు వచ్చే ఫొటోలు లెక్కలేనన్ని చూశాను. తీసేటప్పుడు కళ్ళు గుర్రం మీదే ఉంటాయి కాబట్టి వెనక ఉన్నది తర్వాత గానీ తెలీదు. అందుకే గుర్రాన్ని తీసుకురాకముందే ఖాళీ చోటును ఒకసారి ఫొటో తీసి చూడండి.

గుర్రానికి ఒకరోజు ముందు స్నానం, ఆ రోజు పొద్దున మంచి మాలీషు. తడి ఒళ్ళుతో తీస్తే రంగు వేరుగా పడుతుంది. కళ్ళ మూలలు, ముక్కు రంధ్రాలు తడిగుడ్డతో తుడవండి. గిట్టలకు అంటిన మట్టి దులపండి. జూలు కెమెరాకు అవతలి వైపు పడేలా దువ్వితే మెడ గీత తెలుస్తుంది. హాల్టర్ (తలకు తొడిగే పట్టీ) శుభ్రంగా, తలకు సరిపోయేలా ఉండాలి. జీను వేసి తీసేవి వేరే ఫొటోలు. ఒడ్డూ పొడుగూ చూపించే ఫొటోలో జీను, దుప్పటి, కాళ్ళ పట్టీలు ఏవీ ఉండకూడదు, అవి ఉంటే వాటి కింద ఏముందో అన్న ప్రశ్న వస్తుంది.

పగ్గం పట్టుకునే మనిషి కూడా ఫొటోలో భాగమే. చెప్పులతో గుర్రం పక్కన నిలబడిన మనిషిని చూస్తే మీ లాయం పద్ధతి ఏమిటో చూసినవాడికి అర్థమైపోతుంది. మూసిన బూట్లు వేసుకోమనండి. పగ్గాన్ని చేతికి చుట్టుకోవద్దని చెప్పండి, ఫొటో కోసం కాదు, వేళ్ళ కోసం.

3. పక్కనుంచి తీసే ఫొటో

అన్నిటికన్నా ముఖ్యమైన ఫొటో ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ దీంట్లోనే.

ఫోన్ కెమెరా మామూలుగా వెడల్పు లెన్స్‌తో చూస్తుంది. మూడడుగుల దూరం నుంచి తీస్తే దగ్గరగా ఉన్నది బాగా పెద్దదిగా, దూరంగా ఉన్నది చిన్నదిగా పడుతుంది. ముందునుంచి కాస్త ఏటవాలుగా తీస్తే తల గంగాళమంత, వెనక భాగం మేకంత! దీనికి మందు ఒక్కటే, వెనక్కి నడవడం. ఎనిమిది, పది మీటర్ల దూరం వెళ్ళి ఫోన్లో 2 రెట్లో 3 రెట్లో జూమ్ చేసి తీయండి. ఫోన్‌కు ఆ జూమ్ లెన్స్ విడిగా ఉంటే ఇంకా మంచిది. లేకపోతే జూమ్ చేయకుండా తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకోండి.

కెమెరా గుర్రం పొట్ట భాగం మధ్య ఎత్తులో ఉండాలి. మామూలు ఎత్తు గుర్రమైతే మనం మోకాళ్ళు వంచి, ఫోన్‌ను మన పొట్టకూ ఛాతీకీ మధ్య పట్టుకోవాలి. నిలబడి కంటి ఎత్తునుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా వస్తాయి. మరీ కిందికి కూర్చుంటే కొంగకాళ్ళు వస్తాయి. గుర్రానికి సరిగ్గా మధ్యలో, దాని ముందుకాలి మోచేయి వెనక భాగానికి ఎదురుగా నిలబడండి. ఒక అడుగు అటో ఇటో జరిగినా వీపు పొడవు మారిపోతుంది.

ఇప్పుడు కాళ్ళు. నాలుగూ కనిపించాలి. కెమెరా వైపున్న ముందుకాలు అవతలి ముందుకాలి కంటే కొంచెం ముందు, కెమెరా వైపున్న వెనకకాలు అవతలి వెనకకాలి కంటే కొంచెం వెనక ఉండాలి. అప్పుడు అవతలి రెండు కాళ్ళూ మధ్యలోంచి కనిపిస్తాయి. దీనికోసం కాళ్ళు పట్టుకుని లాగితే గుర్రానికి విసుగొస్తుంది. ఒక అడుగు ముందుకో, ఒక అడుగు వెనక్కో నడిపించి ఆపడం తేలిక. మూడు నాలుగు ప్రయత్నాల్లో కుదరకపోతే చిన్న గుండ్రం తిప్పి మళ్ళీ అదే చోటికి తీసుకురండి.

చివరగా చెవులు. చెవులు వెనక్కి పడితే ఎంత నెమ్మది గుర్రమైనా పొగరుగా కనిపిస్తుంది. సాయం చేసే మనిషి గుర్రం చూసే దిక్కులో పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి దాణా డబ్బా గలగలలాడించాలి. మొదటిసారి చెవులు నిక్కబొడుచుకుంటాయి, రెండోసారి సగం లేస్తాయి, మూడోసారికి "వీళ్ళు పెట్టేదేం లేదు" అని దానికి తెలిసిపోతుంది. కాబట్టి కాళ్ళు కుదిరి, కెమెరా సిద్ధంగా ఉన్నాకే డబ్బా కదపాలి. డబ్బా పాతబడితే ప్లాస్టిక్ కవరు చప్పుడు, ఆ తర్వాత ఫోన్లో ఇంకో గుర్రం సకిలింపు. ఒకసారి మా సాయగాడు ఉత్సాహం పట్టలేక గొడుగు టపీమని తెరిచాడు. చెవులు బ్రహ్మాండంగా నిలబడ్డాయి, గుర్రం మాత్రం ఫ్రేములో లేదు.

ఎడమ పక్క, కుడి పక్క, ఎదురుగా, వెనకనుంచి, నాలుగు గిట్టలు దగ్గరగా, తల పక్కనుంచి. ఇవి తప్పనిసరి. సుళ్ళు, మచ్చలు, తెల్ల సాక్సులు, పాత గాయం గుర్తులు ఉంటే వాటికి విడిగా ఒక్కో ఫొటో. గుర్రాన్ని గుర్తుపట్టే కాగితాల్లో కూడా ఇవే రాసుకుంటారు. కాబట్టి ఈ ఫొటోలు అమ్మకానికే కాదు, రేపు గుర్రం తప్పిపోయినా, దొంగతనం జరిగినా పనికొస్తాయి.

4. వెలుగు, రంగు

పొద్దున్నే, లేదా సాయంత్రం ఎండ వాలినప్పుడు తీయండి. సూర్యుడు మీ వీపు వెనక, కాస్త పక్కకు ఉండాలి. నడినెత్తి ఎండలో పొట్ట కింద, కళ్ళ కింద చీకటి పడుతుంది. పలచని మబ్బు ఉన్న రోజు నిగనిగలాడే ఒళ్ళు రాదు కానీ కండ తీరు చక్కగా తెలుస్తుంది. ఫ్లాష్ వాడొద్దు. గుర్రం బెదరొచ్చు, కళ్ళు కూడా దెయ్యం కళ్ళలా మెరుస్తాయి.

కెమెరాకు ఒక అలవాటుంది. ఎదురుగా ఏమున్నా మధ్యరకం బూడిద వెలుగులోకి తేవాలని చూస్తుంది. తెల్ల గుర్రం ఫ్రేము నిండా ఉంటే "ఇంత వెలుగా" అని తగ్గించేస్తుంది, గుర్రం మాసిన దుప్పటిలా వస్తుంది. నల్ల గుర్రమైతే వెలుగు పెంచేస్తుంది, అది ఎండిపోయిన గోధుమరంగులోకి తిరుగుతుంది. ఫోన్లో గుర్రం మీద వేలుతో తట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరపండి. తెల్లదానికి వెలుగు కాస్త పెంచాలి, నల్లదానికి తగ్గించాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది, రెండుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది. తెల్లదానికి మాత్రం మరీ పెంచకండి. వెంట్రుకల గీతలు పోయి సున్నం కొట్టిన గోడలా అయితే తర్వాత ఏ యాప్‌లోనూ తిరిగి రావు.

5. నడక, పరుగు: వీడియోనే నమ్ముతారు

1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో దగ్గర ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడి గుర్రాలు పరిగెత్తే దారి పక్కన వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాడు. అప్పటిదాకా చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందుకాళ్ళు ముందుకు, వెనకకాళ్ళు వెనక్కి చాచి గాల్లో తేలుతున్నట్టు గీసేవారు. ఫొటోల్లో తేలింది వేరు. నాలుగు గిట్టలూ గాల్లో ఉండే మాట నిజమే, కానీ అది కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. మన కళ్ళు ఇప్పటికీ అలాగే మోసపోతాయి. అందుకే సరైన క్షణం కోసం వేలు పెట్టుకుని కూర్చోకుండా బరస్ట్ మోడ్‌లో వరసగా ఇరవై ముప్పై తీసి, అందులో ఒకటి ఏరుకోండి. షట్టర్ వేగం పెట్టుకునే వీలున్న కెమెరా అయితే ట్రాట్‌కు (నడకకూ దౌడుకూ మధ్య పరుగుకు) సెకనులో 500వ వంతు, దౌడుకు, దూకడానికి 1000వ వంతు పెట్టండి. ఫోనైతే వెలుగు బాగా ఉన్నచోట తీయడమే మార్గం.

ఫొటో ఎంత బాగున్నా గుర్రం కుంటుతోందో లేదో చెప్పదు. వీడియో చెబుతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. వరస ఇది:

- గుర్రం నిలబడి ఉండగా పది సెకన్లు, పక్కనుంచి.
- గట్టి నేల మీద కెమెరా నుంచి దూరంగా నడక, తిరిగి కెమెరా వైపు నడక. అలాగే ట్రాట్.
- మైదానంలో ఎడమ చేతి గుండ్రం, కుడి చేతి గుండ్రం, రెండిట్లోనూ నడక, ట్రాట్, క్యాంటర్ (దౌడుకంటే నెమ్మది పరుగు).
- రౌతు ఎక్కడం దగ్గర్నుంచి దిగేదాకా, మధ్యలో కత్తిరించకుండా ఒక ముక్క.

ఒకే వైపు గుండ్రం చూపించిన వీడియో చూస్తే రెండో వైపు ఏమైంది అని అడుగుతారు. అడగాలి కూడా. రౌతు ఎక్కేటప్పుడు గుర్రం కదలకుండా నిలబడిందా లేదా అన్నది దాని బుద్ధి గురించి చాలా చెబుతుంది, కానీ సగం వీడియోలు రౌతు జీను మీద కూర్చున్నాకే మొదలవుతాయి.

వీడియోకు పాట పెట్టకండి. నడక నాలుగు దెబ్బలు, ట్రాట్ రెండు, క్యాంటర్ మూడు. తెలిసినవాళ్ళు ఆ లెక్క చెవులతో చూసుకుంటారు. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం బాగున్న కాలు నేలకు ఆనినప్పుడు తల కిందికి దించుతుంది. చప్పుడూ, తల ఊపూ కలిపి చూస్తేనే అది పట్టుబడుతుంది. పాట కింద అడుగుల చప్పుడు కప్పేస్తే ఏదో దాచారనుకుంటారు. స్లో మోషన్ కూడా అంతే, పెట్టాలనుకుంటే మామూలు వేగంతో ఉన్నది పెట్టాకే పెట్టండి. మొత్తం రెండు మూడు నిమిషాలు చాలు.

6. ఫైళ్ళు: పేర్లు, బరువు, దాచడం

ఒక్క పూటలో ఒక గుర్రానికి రెండు వందల ఫొటోలు తేలిగ్గా అవుతాయి. ఆ రోజు రాత్రే పనికిరానివి తీసేయండి. రేపు అనుకుంటే ఆ రేపు రాదు. మిగిలినవాటికి గుర్రం పేరు, తేదీ, ఏ వైపు అన్నవి కలిపి ఫైలు పేరు పెట్టండి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఫోల్డరులో వాటంతటవే వరసలో కూర్చుంటాయి. ఫైలు పేర్లు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, ఖాళీల బదులు అడ్డగీతలతో పెడితే సైటులో ఇబ్బంది రాదు.

అసలు ఫొటోను ఎప్పుడూ ముట్టుకోకండి. దాని కాపీ మీదే పని. జేపెగ్ (ఫొటోలకు మామూలుగా వాడే రకం) ఫైలును తెరిచి దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, పదిసార్లయ్యాక వెంట్రుకల చోట మసక మిగులుతుంది. అసలువి కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడులో ఒకటి. మూడూ ఒకే గదిలో ఉంటే మూడు కాపీలు ఉన్నట్టు కాదు.

మామూలు ఫోన్ ఫొటో 12 మెగాపిక్సెల్స్, అంటే సుమారు 4000 అడ్డం, 3000 నిలువు పిక్సెల్స్, మూడు నాలుగు ఎంబీలు. అచ్చు వేయడానికి బాగుంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన 13 అంగుళాల వెడల్పు దాకా వస్తుంది. సైటుకు అంత అక్కర్లేదు. వెడల్పు 1600 పిక్సెల్స్‌కు తగ్గించి, జేపెగ్‌గానో, సైట్ల కోసం వచ్చిన వెబ్‌పీ రకంగానో 200, 300 కేబీల్లోకి తెండి. స్క్వూష్ అనే ఉచిత సాధనం బ్రౌజరులోనే ఈ పని చేస్తుంది, తగ్గించక ముందూ తర్వాతా పక్కపక్కన చూపిస్తుంది. జూలు మీద కన్ను పెట్టి చూడండి, అది చెదిరితే ఎక్కువ తగ్గించినట్టే. ఐఫోన్‌లో హెయిక్ రకంగా పడే ఫొటోలు కొన్ని కంప్యూటర్లలో తెరుచుకోవు, సెట్టింగ్స్‌లో జేపెగ్‌కు మార్చుకోవచ్చు.

ఇంకొక ముఖ్యమైన సంగతి, ఫొటో లోపల తీసిన చోటు జీపీఎస్ గుర్తు దాగి ఉంటుంది. గుర్రాలు దొంగతనమయ్యే వస్తువులు. మీ లాయం ఎక్కడుందో ప్రకటించినా పరవాలేదు కానీ రాత్రిపూట మనిషి లేని దూరపు మేత మైదానం గుర్తు బయటికి పోకూడదు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే తగ్గదు. కానీ అప్పుడు ఆ గుర్తు కూడా దానితోపాటే వెళ్తుంది.

7. దిద్దడం ఎంతవరకు

వంకరగా వచ్చిన ఫొటోను నిలబెట్టడం, చుట్టూ కత్తిరించడం, వెలుగు సరిచేయడం, పక్కనున్న బకెట్‌ను తీసేయడం తప్పు కాదు. గుర్రం ఒంటి మీద ఉన్న దేన్నీ ముట్టుకోకూడదు. మచ్చ చెరపడం, వీపు సరిచేయడం, కాలు నిటారుగా చేయడం మోసమే. ఇప్పుడు కొత్త ఫోన్లు అడక్కుండానే "మెరుగు" చేసేస్తున్నాయి. చెస్ట్‌నట్ (ఎర్రగోధుమ రంగు) గుర్రం ఎర్ర ఇటుక రంగులోకి మారుతుంది. కాబట్టి ఫొటోను గుర్రం పక్కన పెట్టుకుని ఒకసారి పోల్చి చూడండి. చూడటానికి వచ్చినవాడు గేటు దగ్గరే "ఇది ఆ గుర్రమేనా" అన్నాడంటే బేరం అక్కడితో సరి.

8. సైటు కట్టడం

డొమైన్ పేరు (సైటు చిరునామా) మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ చేత్తో కొనండి. మాకు మొదటిసారి సైటు చేసిచ్చిన మనిషి డొమైన్ తన పేరు మీదే కొన్నాడు. రెండేళ్ళ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. గడువు తీరిపోయింది, ఆ పేరు మాకు మళ్ళీ దొరకలేదు. బోర్డు మీద, కార్డుల మీద, రసీదుల మీద ఉన్న చిరునామా అంతా దండగ.

సైటుకు వర్డ్‌ప్రెస్ గానీ, విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటివి గానీ ఏదైనా సరే. మీకు బద్ధకం లేకుండా మార్చడం వచ్చేది ఎంచుకోండి, అంతే కొలమానం. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో (మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) మొదలవడం తప్పనిసరి, సైటుకు చోటిచ్చే హోస్టింగ్ సంస్థలు చాలావరకు దీన్ని ఉచితంగానే ఇస్తాయి. పేజీలు ఐదు చాలు: ముందు పేజీ, గుర్రాలు, పాఠాలు లేదా వసతి, మా గురించి, సంప్రదించడం. వీడియోలను సైటులోకి ఎక్కించకండి. యూట్యూబులో పెట్టి, అందరికీ కనిపించకూడదంటే అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) చేసి, పేజీలో అతికించండి.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు. సైటు తయారయ్యాక వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ ఫోన్లో తెరవండి. పేజీలోని పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టని గూగుల్ లెక్క. అంతకంటే ఆలస్యమైతే దోషం సాధారణంగా తగ్గించకుండా ఎక్కించిన ఫొటోదే. కిందున్న ఫొటోలకు లేజీ లోడింగ్ పెట్టుకోండి, కిందికి జరిపినప్పుడే దిగుతాయి. ప్రతి ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో చెప్పే మాట) రాయండి. "ఫొటో 3" అని కాకుండా "ఆరేళ్ళ బే ఆడగుర్రం, ఎడమ పక్కనుంచి" అని (బే అంటే నల్ల జూలున్న గోధుమరంగు). చూపు లేనివాళ్ళ ఫోన్ అదే చదివి వినిపిస్తుంది, వెతికే యంత్రాలకూ అదే అర్థమవుతుంది.

ఫోన్ నంబరును బొమ్మలో రాయకండి, వేలితో తట్టితే కాల్ వెళ్ళేలా అక్షరాల్లో పెట్టండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, మ్యాప్‌లో కనిపిస్తారు, పనివేళలు తెలుస్తాయి. పాఠాల సమయాలకు గూగుల్ క్యాలెండరు, పేర్ల నమోదుకు గూగుల్ ఫామ్ చాలు. పెద్ద బుకింగ్ సాఫ్ట్‌వేరు మొదటి ఏడాదే కొనాల్సిన పనిలేదు.

9. ఒక గుర్రం పేజీ

పైన ఎడమ పక్క ఫొటో, దాని కిందే కొలతలు: వయసు, ఆడదా, గెల్డింగా (విత్తు కొట్టిన మగది), స్టాలియనా (విత్తు కొట్టని మగది), జాతి, రంగు, ఎత్తు. ఎత్తు మూపు దగ్గర కొలుస్తారు, హ్యాండ్స్‌లో రాస్తారు. ఒక హ్యాండ్ 4 అంగుళాలు, అంటే 10.16 సెంటీమీటర్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 15.2లో చుక్క దశాంశం కాదు, 15 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు, 157.5 సెంటీమీటర్లు. 15.3 తర్వాత వచ్చేది 16. ఎవరైనా 15.5 అని రాస్తే గుర్రాన్ని కొలవలేదనో, కొలత తెలియదనో అర్థం. సెంటీమీటర్లు కూడా పక్కన రాస్తే గొడవ ఉండదు.

తర్వాత అది ఏం చేయగలదు, ఎవరు ఎక్కారు, టీకాలు ఎప్పుడు, లాడాలు ఉన్నాయా, ట్రక్కు ఎక్కుతుందా, ఒంటరిగా బయటికి వెళ్తుందా. ఆ తర్వాత లోపాలు. "వేరే గుర్రాలు కనిపించకపోతే లాయంలో గోల చేస్తుంది" అని ముందే రాస్తే వృథా ఫోన్లు తగ్గుతాయి, ఆ లోపం పట్టించుకోనివాడే ఫోన్ చేస్తాడు. "అందరికీ సరిపోయే బంగారంలాంటి గుర్రం" అని రాస్తే ఎవరూ నమ్మరు.

మైక్రోచిప్ (గుర్తు కోసం చర్మం కింద పెట్టే చిప్) ఉందని రాయండి, దాని 15 అంకెలూ మాత్రం పెట్టకండి. గుర్రం పాస్‌పోర్టు (గుర్తింపు పుస్తకం) పేజీల ఫొటోలు కూడా అంతే, నకిలీ కాగితాలు చేసేవాళ్ళకు అవే ముడిసరుకు.

ఫొటో తేదీ పేజీలో కనిపించాలి. చలికాలం బొచ్చుతో తీసిన ఫొటో ఎండాకాలంలో ఉంటే గుర్రం ఎన్నాళ్ళుగా అమ్ముడుపోలేదో చెప్పకనే చెప్పినట్టు. అమ్ముడయ్యాక పేజీని తీసేయకుండా "అమ్ముడైంది" అని రాసి ఉంచండి, మీరు ఎలాంటి గుర్రాలు అమ్ముతారో కొత్తవాళ్ళకు తెలుస్తుంది. కానీ ఆ రోజే రాయండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, సైటుకూ వారానికి పది నిమిషాల మేత తప్పదు.

10. బయటి వేదికలు, దొంగలు, అనుమతులు

సోషల్ మీడియాలో రోజూ ఏదో ఒకటి పెట్టడం మంచిదే, కానీ వ్యాపారమంతా అక్కడే పెట్టుకోకండి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో జంతువుల అమ్మకాన్ని అనుమతించరు. ప్రకటన పెడితే తీసేస్తారు, మళ్ళీ మళ్ళీ పెడితే ఖాతాకే ముప్పు. అక్కడ లాయం రోజువారీ బతుకు చూపించి, గుర్రం వివరాలకు మీ సైటుకు రప్పించండి.

మీ మంచి ఫొటోలనే ఎత్తుకెళ్ళి లేని గుర్రాన్ని అమ్మేవాళ్ళున్నారు. మూలన చిన్నగా పెట్టిన పేరును కత్తిరించేస్తారు, కాబట్టి లాయం పేరు గుర్రం ఒంటికి కొంచెం ఆనేలా, పలచగా వేయండి. అప్పుడప్పుడూ గూగుల్ లెన్స్‌లో మీ ఫొటో పెట్టి ఇంకెక్కడైనా ఉందేమో వెతకండి. ఇక కొనేవాడి వేషంలో వచ్చేవాడి పద్ధతి చాలాచోట్ల ఒకటే. గుర్రాన్ని చూడకుండానే ఒప్పుకుంటాడు, అడిగినదానికంటే ఎక్కువకు చెక్కు పంపుతాడు, మిగతాది "రవాణా మనిషికి" పంపమంటాడు. చెక్కు తర్వాత చెల్లదు. మీరు పంపింది మాత్రం పోయినట్టే. నిజంగా కొనేవాడితో వీడియో కాల్ మాట్లాడండి, ఆ రోజు తేదీ రాసిన కాగితం గుర్రం పక్కన పట్టుకుని చూపించండి. ఇద్దరికీ నమ్మకం కుదురుతుంది.

పోటీల్లో వేరే ఫొటోగ్రాఫర్ తీసిన మీ గుర్రం ఫొటో మీది కాదు. సాధారణంగా దాని హక్కు తీసినవాళ్ళదే. కొనుక్కుని, సైటులో వాడుకోవచ్చని రాతలో తీసుకోండి. సవారీ నేర్చుకునే పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం, పిల్లల పేర్లు మాత్రం పెట్టొద్దు.

11. అదే కెమెరాతో లాయం పని

అమ్మకానికి తీసే పక్క ఫొటోను ప్రతి గుర్రానికీ నెలకోసారి, అదే గోడ ముందు, అదే దూరం నుంచి తీయండి. రోజూ చూసే కంటికి గుర్రం చిక్కడం, బలవడం తెలియదు. 1983లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకీ ఒంటి కొవ్వును 1 నుంచి 9 దాకా లెక్కించే పద్ధతి పెట్టాడు, 5 అంటే మధ్యస్థం. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదటి భాగం చూస్తారు. ఇందులో చేత్తో తడమడం తప్పనిసరి, ఫొటో ఒక్కటీ చాలదు. కానీ ఆ నెల అంకె ఫొటో పేరులో చేర్చుకుంటే దాణా పెంచాలా తగ్గించాలా అన్న వాదన ఇంట్లో తేలిగ్గా తెగుతుంది.

గిట్టలు కోసి లాడాలు మార్చే పని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వస్తుంది. ముందూ తర్వాతా ఫొటోలు తీసి ఉంచండి. గాయమైతే పక్కన కొలబద్దో నాణెమో పెట్టి తీస్తే పశువైద్యుడికి పరిమాణం తెలుస్తుంది. కుంటుతుంటే ఫొటో పంపి లాభం లేదు, గట్టి నేల మీద ట్రాట్ వీడియో పంపండి.

ఈనబోయే గుర్రం ఉంటే లాయంలో రాత్రి చూపున్న కెమెరా ఒకటి పెట్టండి. చూలు సుమారు 340 రోజులు, ఈనడం మాత్రం ఎక్కువగా రాత్రిపూటే. నీటిసంచి పగిలాక పిల్ల బయటికి రావడానికి సాధారణంగా అరగంట కూడా పట్టదు, అంతకు మించితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. కాబట్టి ఊరికే రికార్డు చేసే కెమెరా కాదు, కదలిక ఉంటే ఫోన్ మోగించే కెమెరా కావాలి. రేకుల షెడ్డు వైఫైని అడ్డుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 దూరం వెళ్తుంది, అప్పటికీ అందకపోతే తీగ లాగడమే నయం. తీగలు గుర్రం పళ్ళకు అందని ఎత్తులో, గొట్టంలో పోవాలి. బిగించిన రాత్రే దీపాలన్నీ ఆర్పేసి, ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్లో చూడండి. గుర్రం కెమెరా కిందున్న గోడ పక్కనే పడుకుంటే కనిపిస్తోందా? కనిపించకపోతే పొద్దున్నే నిచ్చెన వేసి కెమెరాను ఎదురు మూలకు మార్చండి.